సీనా వెళ్ళిపోయాడు సరే, తర్వాతి టాప్ స్టార్ ఏడి?

రింగ్‌సైడ్_రాజు
2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ జాన్ సీనా ఆఖరి మ్యాచ్. గుంథర్ స్లీపర్ (మెడ పట్టు) వేస్తే సీనా ట్యాప్ చేసి (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుని) వెళ్ళిపోయాడు. హాలంతా షోలు నడిపే ట్రిపుల్ హెచ్‌కి బూ కొట్టింది. ఆ గోల వేరే థ్రెడ్‌లో నడుస్తోంది, ఇక్కడికి తేకండి. నా గొడవ వయసులతో. పోస్టర్ మీదున్న మొహాలు చూడండి. పంక్ 47. ఎల్ఏ నైట్ 43. కోడీ, రోమన్, జే ఊసో, డ్రూ నలుగురూ 40. రాలిన్స్ 39, అక్టోబర్ నుంచి భుజం గాయంతో ఇంట్లోనే. గుంథర్ 38. సీనా రెసిల్‌మేనియా (ఏడాదిలో అన్నిటికంటే పెద్ద షో) 21లో జేబీఎల్‌ని కొట్టి మొదటిసారి పెద్ద టైటిల్ తీసుకున్నప్పుడు 27. బ్రాక్ రాక్‌ని కొట్టినప్పుడు 25. ఇవాళ ముప్పై దాటనివాళ్ళలో స్టేడియం నింపే మనిషి ఉన్నాడా? ఊరికే పేరు రాసి పారిపోవద్దు. కథ రాసేవాళ్ళు అతన్ని ఎలా పైకెక్కించాలో, ఎక్కడ బెడిసికొడుతుందో కూడా రాయండి.

స్పియర్_సుబ్బడు
బ్రాన్ బ్రేకర్. థ్రెడ్‌కి తాళం వేసుకోవచ్చు.

కిక్‌అవుట్_2.99
తలుపే తెరవలేదు, అప్పుడే తాళమా సుబ్బడూ. వయసు 28, ఒళ్ళుంది, వేగముంది, రిక్ స్టైనర్ కొడుకు. 2022 జనవరిలోనే ఎన్‌ఎక్స్‌టీ (కంపెనీ కొత్తవాళ్ళ షో) టైటిల్, 2024 సమ్మర్‌స్లామ్‌లో సామీ జెయిన్ మీద ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్. ఇదంతా ఒప్పుకుంటా. పెద్ద తలకాయ మీద క్లీన్‌గా (ఎవరి సాయం లేకుండా) ఏం గెలిచాడు? నవంబర్ 29న వార్‌గేమ్స్ పంజరం మ్యాచ్‌లో పంక్‌ని పిన్ చేశాడు (భుజాలు నేలకి ఆనించి మూడు లెక్కపెట్టించాడు) కదా అంటావు. దానికి ముందు ముసుగువాడొకడు పంజరంలోకి దూరి పంక్ తల తొక్కేశాడు. పిన్ రికార్డులకెక్కింది, జనం బుర్రకెక్కలేదు.

స్పియర్_సుబ్బడు
హీల్ (విలన్) కదా సార్, హీల్ అలాగే గెలుస్తాడు.

కిక్‌అవుట్_2.99
హీల్స్ అందరూ ఒకటి కాదు. డొమినిక్ లాంటి దొంగ హీల్ అలాగే గెలవాలి, అదే వాడి సరుకు. మీదపడి నలిపేసే హీల్‌కి ముసుగువాడి సాయం ఎందుకు? గుంథర్ ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్‌ని 666 రోజులు మోసింది చాప్‌ల (ఛాతీ మీద అరచేతి దెబ్బలు) మీద, పవర్‌బాంబ్ (ఎత్తి కిందకేయడం) మీద. అందుకే ఇవాళ అతను స్లీపర్ వేస్తే సీనా ట్యాప్ చేశాడంటే జనం నమ్మారు, తిట్టుకుంటూనైనా.

బుకర్_బాబాయ్
రాజు అడిగిన "ఎలా" దగ్గరికి వద్దాం. బ్రాన్ లాంటి శరీరాన్ని పైకి తేవడానికి పాత పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ పనిచేస్తుంది.

మొదటి ఐదారు వారాలు మ్యాచ్ రెండు నిమిషాలు దాటకూడదు. ఎదుటివాడికి ఒక్క దెబ్బ కొట్టే సందు కూడా ఉండదు. తర్వాత మిడ్‌కార్డ్ (నడిమి స్థాయి)లో పేరున్నవాడితో ఏడెనిమిది నిమిషాలు. ఇక్కడ మనవాడు తూలతాడు, ఒక మోకాలు నేలకి ఆనుతుంది, వీపు మాత్రం ఆనదు. మొదటిసారి వీపు నేలకి తగలడం అన్నదే ఒక పెద్ద మ్యాచ్‌కి దాచుకోవాల్సిన విషయం. మూడో మెట్టు 15 నిమిషాల మ్యాచ్. వాడికి ఊపిరుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. చాలామంది ఇక్కడే పట్టుబడతారు. ఏడో నిమిషానికి నోరు తెరుస్తారు, దమ్ము తీసుకోవడానికి హెడ్‌లాక్ పట్టుకుని కూర్చుంటారు, హాలు చల్లబడిపోతుంది.

ఇంతవరకూ మనవాడి ఫినిషర్ (మ్యాచ్ ముగించే దెబ్బ)కి ఎవరూ కిక్‌అవుట్ కాకూడదు, అంటే మూడు లెక్కపెట్టేలోపు భుజం లేపకూడదు. మొదటి కిక్‌అవుట్ ఎవరికివ్వాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే అది ఒక్కసారే అమ్ముడయ్యే సరుకు.

బ్రాక్‌ని చూడండి. 2002 మార్చ్‌లో దిగాడు, జూన్‌లో కింగ్ ఆఫ్ ద రింగ్, ఆగస్ట్ 25న సమ్మర్‌స్లామ్‌లో రాక్ మీద గెలిచి టైటిల్. ఐదు నెలలు. మైక్ పని మేనేజర్ పాల్ హేమన్‌ది. ఇప్పుడు బ్రాన్ పక్కనా హేమనే. ముడిసరుకంతా ఉంది, వంట మొదలుపెట్టేవాడే లేడు.

నైజాం_హీల్
బాబాయ్ చెప్పింది మంచిగనే ఉంది, కానీ అది 2002 లెక్క. గిప్పుడు జనం చేతుల రిమోట్ ఉంది. మీరు ఎవర్నైతే ఎత్తాల్నని చూస్తరో వాన్నే బూ కొడ్తరు. 2014 రంబుల్ (30 మంది దిగే మ్యాచ్) యాద్ చేస్కోండ్రి. డేనియల్ బ్రయన్ రాలేదని, 30వ నంబర్ల రే మిస్టీరియో వస్తే పిట్స్‌బర్గ్ జనం పాపం రేని కూడా వదల్లే. మల్ల 2015ల ఫిలడెల్ఫియా. రోమన్ గెలిస్తే రాక్ వచ్చి చెయ్యి పట్టి లేపిండు, ఆ రాక్‌కి కూడా బూనే. ఐదేండ్లు రుద్దిండ్రు. 2020 ఆగస్టుల హేమన్‌తోని హీల్ చేసినంకనే ఆ మనిషి బతికిండు, 1,316 రోజులు టైటిల్ ఉంచుకున్నడు.

బుకర్_బాబాయ్
నైజాం, రోమన్ విషయంలో తప్పు పుష్ చేయడం (పైకి తేవడం) కాదు. నవ్వుతూ చేతులూపే సీనా అచ్చులో పోయడం తప్పు. మనిషి ఎలాంటివాడో చూసి అచ్చు చేయాలి. ముందే అచ్చు కొనుక్కుని మనిషిని అందులో కుక్కితే 1993లో లెక్స్ లూగర్‌కి అయినట్టవుతుంది. బస్సెక్కించి దేశమంతా తిప్పారు, సమ్మర్‌స్లామ్‌లో యోకోజునా మీద కౌంట్‌అవుట్‌తో గెలిపించారు. కౌంట్‌అవుట్‌కి టైటిల్ చేతులు మారదు. రింగ్‌లో బెలూన్లు పడ్డాయి, బెల్టు మాత్రం యోకోజునా ఇంటికెళ్ళింది. పండగ చేసుకోవాలో ఏడవాలో హాలులో ఎవరికీ తెలియలేదు.

ఎన్‌ఎక్స్‌టీ_నారాయణ
ఇంతసేపటికీ ఒబా ఫెమి పేరు ఎవరూ ఎత్తలేదేంటి? వయసు 27, ఎత్తు ఆరడుగుల ఆరు అంగుళాలు, లాగోస్‌లో పుట్టి అలబామా యూనివర్సిటీలో షాట్‌పుట్ విసిరాడు. 2024 జనవరిలో డ్రాగన్ లీ మీద టైటిల్ మ్యాచ్ కాంట్రాక్ట్ వాడి నార్త్ అమెరికన్ టైటిల్ కొట్టి 273 రోజులు ఉంచుకున్నాడు. 2025 జనవరిలో ఎన్‌ఎక్స్‌టీ టైటిల్, సెప్టెంబర్‌లో రికీ సెయింట్స్ చేతిలో పోయేదాకా. బాబాయ్ చెప్పిన మూడో మెట్టు ఇతను ఎన్‌ఎక్స్‌టీలోనే దాటేశాడు, 15 నిమిషాలు ఆడి ఊపిరి మిగుల్చుకుంటాడు. నడక చూడండి. పరుగు లేదు, అరుపు లేదు, తాపీగా వస్తాడు. నడిచివస్తేనే జనం ఫోన్లు తీస్తే అర్థం చేసుకోండి.

స్పియర్_సుబ్బడు
నడకకి టైటిల్ ఇస్తే అండర్‌టేకర్ ఇంకా ఛాంపియన్‌గా ఉండేవాడు నారాయణా.

ఎన్‌ఎక్స్‌టీ_నారాయణ
ఉండాల్సిందే, నాకేం అభ్యంతరం లేదు.

మిడ్‌కార్డ్_మూర్తి
ఒబా మంచి మాటే, కానీ ఎన్‌ఎక్స్‌టీ నుంచి వచ్చేవాణ్ణి మొదటి రాత్రే పాడుచేయడం ఈ కంపెనీకి అలవాటు. 2021 జులైలో కారియన్ క్రాస్ ఎన్‌ఎక్స్‌టీ ఛాంపియన్‌గా ఉండగానే రా (పెద్ద వారపు షో)కి తెచ్చారు. తోడొచ్చే స్కార్లెట్ లేదు, పొగ లేదు, ఆ ఎంట్రన్స్ లేదు. జెఫ్ హార్డీ చేతిలో రెండు నిమిషాలు కూడా నిలవలేదు. అంతే, మళ్ళీ లేవలేదు. ఎంట్రన్స్‌తో అమ్మిన మనిషి దగ్గర్నుంచి ఎంట్రన్స్ లాక్కుంటే మిగిలేదేంటి?

ఎన్‌ఎక్స్‌టీ_నారాయణ
అది పాత బాస్ విన్స్ కాలం. డిసెంబర్ 13న అదే సీనా షోలో ఒబాని కోడీ ఎదుట నిలబెట్టారు. డ్రూ దూరాడు కాబట్టి గెలుపోటములు తేలలేదు. కావాలనే తేల్చలేదు, అది మంచి బుకింగ్ (కథ, ఫలితం రాయడం). కోడీ ఓడకూడదు, ఒబా ఓడకూడదు, ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడిన ఫోటో మాత్రం కావాలి. దొరికింది.

కిక్‌అవుట్_2.99
ఫోటో కోసం మ్యాచ్ తేల్చకపోవడం ఒకసారైతే ముచ్చట, మూడోసారికి డబ్బులు వెనక్కిమ్మంటారు.

రిప్టైడ్_రమ్య
పైనుంచి కిందిదాకా చదివాను, ఒక్క ఆడపిల్ల పేరు లేదు. రాజుగారు "ముప్పై దాటనివాళ్ళు" అన్నారు. రియా రిప్లీకి 29, టిఫనీ స్ట్రాటన్‌కి 26. రియా వస్తే పడే పాప్ (జనం అరుపు), మీరు చెప్పే బ్రాన్‌కి పడే పాప్ పక్కపక్కన పెట్టి వినండి. "స్టేడియం నింపే మనిషి" అంటే మగవాడే అవ్వాలని ఎక్కడుంది? 2019లో రెసిల్‌మేనియా 35 ఆఖరి మ్యాచ్ బెకీ, రోండా, షార్లెట్‌లదే. బెకీ అక్కడిదాకా వచ్చిన దారి చూడండి. 2018 నవంబర్‌లో నాయా జాక్స్ గుద్దుకి ముక్కు పగిలింది, మొహం నిండా రక్తంతో జనంలో నిలబడి నవ్వింది. స్క్రిప్ట్‌లో లేని ఆ రాత్రిని వాళ్ళు పాడుచేయకుండా వాడుకున్నారు. స్టార్ దొరికినప్పుడు చేతులు అడ్డం పెట్టకపోవడం కూడా బుకింగే.

రింగ్‌సైడ్_రాజు
రమ్య గారూ, రియా మాట నిజం. మరి ఎందుకు ఆగిపోయింది అంటారు?

రిప్టైడ్_రమ్య
ఆగలేదు, ఆపారు. ఆమె స్థాయి మనిషికి రెండు కావాలి. వారం వారం మైక్ మీద నాలుగు నిమిషాలు, ఆర్నెల్లు నడిచే ఒకే శత్రుత్వం. మహిళల మ్యాచ్‌కి ఎంట్రన్స్‌లు, యాడ్‌లు తీసేస్తే టీవీలో మిగిలేది చాలాసార్లు ఏడెనిమిది నిమిషాలు. టిఫనీ సంగతి వేరు. 2025 జనవరి 3న నాయా మీద బ్రీఫ్‌కేస్ (ఎప్పుడైనా టైటిల్ మ్యాచ్ అడిగే హక్కు) వాడి గెలిచింది, నవంబర్ 1న జేడ్ చేతిలో పోయింది, పది నెలలు. ఆ పది నెలల్లో గుర్తుండే కథ రెసిల్‌మేనియాలో షార్లెట్‌తో ఒక్కటే. బెల్టు ఇచ్చి కథ ఇవ్వలేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ
నేను గుంథర్ పార్టీ. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సీనా, రాలిన్స్ జట్టు మీద అరుపులన్నీ పోయాయి గానీ, అదే రాత్రి గుంథర్ శాంకీ మీద ఆడిన తీరు చూసినవాళ్ళకి తెలుసు. చాప్ చప్పుడు పైగ్యాలరీకి వినిపించే మనిషి. 38 అయితే ఏంటి, వియన్నా మనిషి, బరువు తగ్గించుకున్నాడు, పిచ్చి గెంతులు లేవు కాబట్టి ఇంకో ఆరేడేళ్ళు ఆడతాడు.

బుకర్_బాబాయ్
గ్యాలరీ, గుంథర్ టాప్ స్టార్ కాదు. టాప్ స్టార్‌ని చేసే మనిషి. అసలు ఈ థ్రెడ్‌కి జవాబు అక్కడే ఉంది. సీనా ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ ట్యాప్ చేయలేదు. ఆ విలువంతా ఇప్పుడు గుంథర్ జేబులో ఉంది. అది ఒక్కసారే ఖర్చవుతుంది. గుంథర్‌ని పెద్ద వేదిక మీద, క్లీన్‌గా, నడిమధ్యలో ట్యాప్ చేయించేవాడు ఎవడో వాడే వచ్చే పదేళ్ళ మనిషి. దాన్ని 40 దాటినవాడికి ఇచ్చారా, మట్టిలో కలిపినట్టే.

మిడ్‌కార్డ్_మూర్తి
బాబాయ్, జే ఊసో రెసిల్‌మేనియా 41లో గుంథర్‌ని ట్యాప్ చేయించాడు కదా. ఏమైంది? జూన్ 9న టైటిల్ మళ్ళీ గుంథర్ దగ్గరికే. 51 రోజులు.

బుకర్_బాబాయ్
మంచి ప్రశ్న. రెండు కారణాలు. ఒకటి, జే మీద ఉన్న ప్రేమ ఎంట్రన్స్ మీద ప్రేమ. చేతులూపడం, యీట్ అనడం, పాట. గంట కొట్టాక అందులో సగం తగ్గిపోతుంది. మ్యాచ్ మధ్యలో, కిందపడి ఉన్నప్పుడు, జనం "లే లే" అంటున్నారా అన్నది అసలు పరీక్ష. రెండోది, గెలిచాక ఏం చేయాలో రాసుకోలేదు. కొత్త ఛాంపియన్‌కి మొదటి 60 రోజుల్లో ఇద్దరు గట్టివాళ్ళ మీద తిరుగులేని గెలుపు కావాలి. జేకి దొరికినవి లోగన్ పాల్‌తో ఒకటి, ఇంకొకరు దూరి చెడగొట్టినవి కొన్ని.

నైజాం_హీల్
గా లెక్కన ఎల్ఏ నైట్ కూడా గంతే. 2023ల మస్తు పాప్, క్రౌన్ జువెల్‌ల రోమన్ చేతుల ఓడిపోయిండు, ఆ తర్వాత చల్లగైండు. పాప్ ఉన్నప్పుడు ఇయ్యకపోతే పోతది, ఇచ్చినంక ముంగటి దారి లేకున్నా పోతది.

నా ఓటు డొమినిక్‌కి. నవ్వకుండ్రి. వయసు 28. 2023ల మైక్ పడ్తే ఒక్క ముక్క ఇనబడకుంట బూలు కొట్టిండ్రు, గిప్పుడు అదే జనం పేరు పెట్టి అరుస్తున్నరు. ఇంటర్‌కాంటినెంటల్ ఉంది, మెక్సికోల ఏఏఏ కంపెనీ మెగా టైటిల్ ఉంది. సీనా బోస్టన్‌ల గుంజుకున్న ఇంటర్‌కాంటినెంటల్ బెల్టును నవంబర్ 29న సొంతూరు శాన్ డియేగోల మల్ల తీస్కున్నడు. 2014ల నాయన రేని బూ కొట్టిన జనం, ఇయ్యాల కొడుకుని నెత్తిన పెట్టుకున్నరు.

స్పియర్_సుబ్బడు
లివ్ మోర్గన్ రాకపోతే ఆ బెల్టు వచ్చేదా? ఒళ్ళెక్కడుంది? బ్రాన్ ఒక్క క్లోత్స్‌లైన్ (చాచిన చేతి దెబ్బ) వేస్తే డొమినిక్ చికెన్ టెండర్లన్నీ బయటికొస్తాయి.

నైజాం_హీల్
ఎడ్డీ గెరెరో ఒళ్ళెంత ఉండె సుబ్బడూ? 2004ల బ్రాక్ మీదనే గెలిచిండు కదా. మోసం జేసుకుంట గెలిచినా జనం నవ్వాలె, అది ఒక విద్య. ఫేస్ (హీరో) చేసేటప్పుడు ఆ మోసం తీసెయ్యకుంట ఉంటే చాలు. మంచోన్ని చేసి పిల్లలకు నీతులు చెప్పిపిస్తే ఆర్నెల్లల్ల ఖతం.

కిక్‌అవుట్_2.99
ఇది నిజం. ఫేస్ టర్న్‌లో చేసే మొదటి తప్పు మనిషిని కడిగేయడం. ఆస్టిన్ రెసిల్‌మేనియా 13లో ఫేస్ అయ్యాడు. అంతకు ముందు రోజు ఎలా బూతులు తిట్టాడో తర్వాతా అలాగే తిట్టాడు. మారింది ఎదురుగా ఉన్న బ్రెట్.

పంజాబీ_ప్రిజన్
ఇండియన్‌ని టాప్ స్టార్ ఎందుకు చేయరు? 140 కోట్ల మంది. ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో కూడా వస్తోంది.

మిడ్‌కార్డ్_మూర్తి
చేశారు కదా. 2017 మేలో జిందర్ మహల్ బ్యాక్‌లాష్‌లో ఆర్టన్ మీద గెలిచాడు. అంతకు ముందు వారం వారం ఓడిపోతున్నవాడు ఒక్కసారిగా ఛాంపియన్. గెలుపులన్నీ సింగ్ బ్రదర్స్ దయ. నవంబర్ 7న మాంచెస్టర్‌లో ఏజే స్టైల్స్‌కి ఇచ్చేశారు. అది కూడా ఇండియా టూర్‌కి నెల ముందు. డిసెంబర్‌లో ఢిల్లీకి వచ్చి ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడిపోయాడు. జెండా చూసి ఎంచుకుంటే ఇంతే. మనవాళ్ళెప్పుడూ సీనాకే, రోమన్‌కే టీ షర్ట్ కొన్నారు, ఊరు అడగలేదు.

డల్లాస్_బుజ్జి
అందరూ ఒకే కంపెనీ చుట్టూ తిరుగుతున్నారు. పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూలో కైల్ ఫ్లెచర్ ఉన్నాడు, ఈ నెలే 27 నిండాయి. రింగ్‌లో ఇక్కడ చెప్పిన ప్రతివాడి కంటే మెరుగు. విల్ ఆస్ప్రే 32, కానీ మెడ ఆపరేషన్ అయింది.

కిక్‌అవుట్_2.99
ఫ్లెచర్ ఆటకి దండం. అక్కడ ఫినిషర్‌కి విలువ లేదు బుజ్జీ. టీవీ మ్యాచ్‌లోనే మూడు కిక్‌అవుట్లు. పే పర్ వ్యూ (డబ్బు కట్టి చూసే పెద్ద షో)కి ఇంకేం మిగులుతుంది, కుర్చీలా?

డల్లాస్_బుజ్జి
కోడీ తన ఫినిషర్ క్రాస్‌రోడ్స్ మూడుసార్లు వేస్తే గానీ పిన్ పడదు, అది పర్వాలేదా?

కిక్‌అవుట్_2.99
పర్వాలేదనలేదు. అదీ రోగమే. సీనా ఫినిషర్ ఏఏకి పట్టిన రోగమే.

టర్న్‌బకిల్_టీచర్
బ్రాన్ స్పియర్ గురించి ఒక్క మాట, ఎందుకంటే అతని భవిష్యత్తు దాని మీదే ఉంది. స్క్రీన్ మీద గంటకు 23 మైళ్ళని వేస్తారు, అంటే 37 కిలోమీటర్లు. మామూలు స్పియర్‌లో భుజం పొట్టకి తగలాలి, తల పక్కకి పోవాలి, చేతులు తొడల చుట్టూ పడాలి. తీసుకునేవాడు తగిలే క్షణానికి ముందే వెనక్కి ఎగిరి, గడ్డం ఛాతీకి నొక్కి, వీపంతా ఒకేసారి నేలకి ఆనించాలి. ఈ వేగంలో ఆ క్షణం చాలా చిన్నది. ముందు ఎగిరితే దొంగదిలా కనిపిస్తుంది, ఆలస్యమైతే పక్కటెముకలు. రింగ్‌లో అయితే పలకల కింద కాస్త ఊగే అమరిక ఉంది. బయట పలుచటి మ్యాట్, దాని కింద గట్టి నేల. బ్రాన్‌కి పేరొచ్చింది ఎక్కువగా బయట చుట్టూ పరుగెత్తి వేసే స్పియర్‌కే. వారం వారం వేయిస్తే ఎవరో ఒకరు ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటారు, తర్వాత పెద్దవాళ్ళు అతనితో మ్యాచ్ అంటే వెనకాడతారు. 1999 స్టార్‌కేడ్ షోలో గోల్డ్‌బర్గ్ కిక్ తలకి తగిలాక బ్రెట్ కెరీరే ముగిసింది. ఒబా పవర్‌బాంబ్‌లో ఆ గొడవ తక్కువ. ఎత్తేవాడూ పడేవాడూ ఒకరినొకరు పట్టుకునే ఉంటారు, దించే వేగం ఎత్తినవాడి చేతిలో ఉంటుంది.

స్పియర్_సుబ్బడు
టీచర్ గారు చెప్తే వినాలి. బయట స్పియర్ మూడు నెలలకొకటి. సరేనా?

టర్న్‌బకిల్_టీచర్
సరే. మిగతా రోజుల్లో ఆ రెండు తాళ్ళ మధ్య పరుగెత్తి వేసే క్లోత్స్‌లైన్ చాలు.

రింగ్‌సైడ్_రాజు
క్యాలెండర్ మీద పెట్టండి ఎవరైనా. 2026 జనవరి 31 రియాద్ రంబుల్, ఏప్రిల్ 18, 19 లాస్ వేగాస్ రెసిల్‌మేనియా 42, ఆగస్ట్ మొదట్లో మినియాపొలిస్ సమ్మర్‌స్లామ్.

బుకర్_బాబాయ్
నా కాగితం ఇది. రంబుల్‌లో ఒబా దిగాలి, ఆరేడుగురిని విసరాలి, గెలవకూడదు. అతన్ని బయటికి నెట్టడానికి ముగ్గురు కలవాలి. బ్రాన్ ఆ ముగ్గురిలో ఉండకూడదు, పక్కన నిలబడి చూడాలి. ఆ చూపు రెండేళ్ళ తర్వాత పనికొస్తుంది. రెసిల్‌మేనియాలో బ్రాన్‌కి పంక్ మీద ఎవరి సాయం లేని గెలుపు, టైటిల్ ఉన్నా లేకున్నా. గుంథర్ వచ్చే ఏడాదంతా ఓడకూడదు. ఒబా 2026 అంతా రాలోనో స్మాక్‌డౌన్‌లోనో ఏదో ఒకదానిలోనే ఉండి మెట్లెక్కాలి. 2027 రెసిల్‌మేనియాలో గుంథర్, ఒబా. పవర్‌బాంబ్‌తో కాదు, గుంథర్ పట్టునే తిరగేసి ట్యాప్ చేయించాలి.

స్పియర్_సుబ్బడు
అంటే బాబాయ్ ఓటు ఒబాకి! ముందు బ్రాన్ అన్నావ్!

బుకర్_బాబాయ్
బ్రాన్‌కి ముడిసరుకు ఉందన్నాను. హేమన్ పక్కన లేకుండా 90 సెకన్లు సొంతంగా మాట్లాడి హాలుని పట్టుకున్న రోజు మళ్ళీ మాట్లాడదాం. కాగితం అప్పగించకుండా నాలుగు పాయింట్లు చెప్పి మైక్ ఇవ్వమను. రాసిచ్చిన ముక్కలు ఒప్పజెప్పేటప్పుడు వాడి కళ్ళు పైకి పోతాయి, కెమెరా పట్టేస్తుంది.

నైజాం_హీల్
2027 అది సౌదీల. గుంథర్‌కు అప్పటికి 39, ఒబాకు 28. ఏడాదిన్నర గీ కంపెనీ ఒక కాగితం చింపకుంట ఉంచుకుంటదా బాబాయ్? కోడీకి రెండేండ్లు పట్టింది, నడుమల ఛాతీ కండరం చింపుకున్నడు, రెసిల్‌మేనియా 39ల ఓడగొట్టిండ్రు.

రిప్టైడ్_రమ్య
ఓడినందుకే 40లో అంత పాప్ వచ్చింది కదా.

నైజాం_హీల్
39లనే గెలిపిస్తే ఏడాది ముందే వస్తుండె.

మిడ్‌కార్డ్_మూర్తి
ఇది మొదలుపెట్టకండి, ఇంకో ఆరు పేజీలవుతుంది.

గచ్చిబౌలి_గ్యాలరీ
మంగళవారం పొద్దున ఆరున్నరకి రా షో ఉంది. ఎనిమిదిలోపు స్పాయిలర్ రాసినవాణ్ణి గుంథర్‌కి అప్పగిస్తా.